ఓడ ప్రయాణంలో రోజువారీ టిప్పు: ఖాతాలోనే ఉంచాలా, తీయించి చేతికివ్వాలా?

ప్రశ్న – తార్నాక నుంచి

అందరికీ నమస్కారం. మా నాన్నగారు రైల్వే ఉద్యోగం నుంచి విరమించిన సందర్భంగా, వచ్చే సంక్రాంతి సెలవుల్లో సింగపూర్ నుంచి బయలుదేరే నాలుగు రాత్రుల ఓడ ప్రయాణానికి కుటుంబమంతా కలిసి వెళ్లాలని నిశ్చయించుకున్నాము. అమ్మ, నాన్నగారు, మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, వెరసి ఆరుగురం. టికెట్ల ధర సరిచూసుకుని డబ్బు కట్టబోయే వేళకు, చివరి పేజీలో ‘గ్రాట్యుటీ’, అంటే ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పు, అనే పద్దు కనిపించింది. మనిషికి రోజుకు 18.50 డాలర్ల చొప్పున ఆరుగురికి నాలుగు రాత్రులకు 444 డాలర్లు. డాలరును 88 రూపాయలుగా లెక్కిస్తే 39 వేల రూపాయల పైమాటే. పిల్లలకు కూడా పెద్దలతో సమానంగానే వేశారు.

నాన్నగారి మనసుకు ఈ పద్ధతి పట్టలేదు. ఆయన సికింద్రాబాదులో ఇరానీ హోటలుకు వెళ్లినా, బిల్లు తెచ్చిన సప్లయరుకు సోంపు పళ్ళెంలో పది రూపాయలు పెట్టనిదే లేవరు. ఏ ఊరికి వెళ్లినా, సామాను మోసిన కూలీకి అడిగిన దానిపై మరికొంత కలిపి చేతిలో పెట్టి, పేరు అడిగి మరీ పంపిస్తారు. బక్షీస్ అనేది సేవ పొందినవాడు సంతోషించి ఇచ్చేదే గాని, సేవ మొదలు కాకముందే ఓడలో ప్రయాణికుడి ఖర్చులు రాసే ఖాతాలో వేసుకునేది కాదని ఆయన అభిప్రాయం. ఓడ ఎక్కాక కౌంటరుకు వెళ్లి అడిగితే ఆ మొత్తాన్ని తీసేస్తారనీ, మనవాళ్లలో చాలామంది అలాగే చేస్తారనీ మా ట్రావెల్ ఏజెంటు చెబుతున్నారు. ఆ డబ్బు మిగుల్చుకోవాలన్న ఆలోచన మాకు లేదు. ఆ 444 డాలర్లనూ నోట్లుగా తీసుకువెళ్లి, మాకు పనిచేసినవారికి స్వయంగా ఇవ్వడం మేలా, లేక ఖాతాలోనే వదిలేయడం మేలా అన్నదే నా సందేహం. ఏ దారిలో వెళితే ఆ డబ్బు నిజంగా పనిచేసినవారికి చేరుతుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – సైనిక్‌పురి నుంచి

మేము సింగపూర్ నుంచి ఒకసారి, అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు ఫ్లోరిడా నుంచి ఒకసారి ఓడ ప్రయాణం చేశాము. మీ నాన్నగారి భావన నాకు బాగా అర్థమవుతోంది. పూర్వం ఓడల్లో సరిగ్గా ఆయన కోరుకునే పద్ధతే ఉండేది. ప్రయాణమంతా ప్రతి రాత్రీ ఒకే భోజనపు బల్ల, ఒకే వెయిటరు, ఒకే సహాయకుడు ఉండేవారు. చివరి రాత్రి కవర్లలో నోట్లు పెట్టి, వెయిటరుకు ఒకటి, సహాయకుడికి ఒకటి, గది శుభ్రం చేసిన స్టీవార్డుకు ఒకటి ఇచ్చేవారు. 2000 ప్రాంతంలో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ అనే ఓడల కంపెనీ, ఎవరికి ఇష్టమైన వేళకు వారు ఇష్టమైన భోజనశాలలో తినవచ్చునన్న ఏర్పాటు తెచ్చింది. క్రమంగా మిగతావారూ ఆ దారి పట్టారు. రోజుకొక బల్ల, పూటకొక వెయిటరు అయ్యాక చివరి రాత్రి కవరు ఎవరి చేతికి ఇవ్వాలన్నది తేలని విషయమైపోయింది. రోజువారీ మొత్తాన్ని అందరి ఖాతాల్లోనూ వేసి, వసూలైన దానిని సిబ్బందికి పంచే పద్ధతి స్థిరపడటానికి అది ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు పెద్ద కంపెనీల్లో ఇది సాధారణ గదులకు మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల మధ్య ఉంటోంది. సూట్ గదులకు మరికొంత ఎక్కువ. రెండు మూడేళ్లలోపు పసిపిల్లలకు కొన్ని కంపెనీలు మినహాయింపు ఇస్తాయి గాని, మీ పిల్లలు అంతకంటే పెద్దవారైతే అది మీకు వర్తించదు. రీజెంట్, సీబోర్న్, సిల్వర్‌సీ వంటి ఖరీదైన ఓడల్లో ఈ మొత్తం టికెట్టులోనే కలిసి ఉంటుంది.

మరొక సంగతి కూడా గమనించండి. పానీయాలు, స్పా వంటి వాటి బిల్లుల్లో 18 నుంచి 20 శాతం సేవా రుసుము విడిగా చేరుతుంది. మొదటి ప్రయాణంలో మాకు ఇది తెలియక, సంతకం చేసే కాగితం మీద ‘అదనపు టిప్పు’ అని ఉన్న గీతపై ప్రతిసారీ మళ్లీ రెండు డాలర్లు రాశాము. ఆ గీతను నిస్సంకోచంగా ఖాళీగా వదిలేయవచ్చు.

ఖాతాలోని మొత్తాన్ని మేము రెండుసార్లూ కదిలించలేదు. దానిపైన, నాలుగు రాత్రులకు గది స్టీవార్డుకు ఇరవై డాలర్లు, మాకోసం ఉల్లి, వెల్లుల్లి లేకుండా విడిగా వండించి పెట్టిన హెడ్ వెయిటరుకు ఇరవై డాలర్లు చేతికిచ్చాము. మీ నాన్నగారికి కూడా ఆ తృప్తి దక్కాలంటే ఈ పద్ధతి సరిపోతుందని నా సలహా.

జవాబు – నల్లకుంట నుంచి

పై పెద్దలతో నేను ఏకీభవించలేకపోతున్నాను. టిప్పు అంటే ఐచ్ఛికం. ఐచ్ఛికమైన దానిని ముందే బిల్లులో వేసి, వద్దనుకున్నవాడు వరుసలో నిలబడి అడిగి తీయించుకోవాలనడం న్యాయం కాదు. మన దేశంలో హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీసు చార్జీని తమంతట తాముగా బిల్లులో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. హోటళ్ల సంఘాలు వాటిని సవాలు చేయగా, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలను సమర్థించింది. జూబ్లీహిల్స్‌లో ఏ రెస్టారెంటైనా ఇలా వేస్తే మనం 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. సింగపూర్‌లో ఎక్కే విదేశీ ఓడకు ఆ నియమం వర్తించదన్న మాట నిజమే. అయితే చట్టం చేరని చోట న్యాయం మారిపోతుందా?

అసలు బాధ్యత కంపెనీది. బహామాస్, పనామా, మాల్టా వంటి దేశాల జెండాలు కట్టుకుని తిరిగే ఈ ఓడల మీద అమెరికా కనీస వేతన చట్టం పనిచేయదు. జీతం తక్కువగా ఉంచి, ఆ లోటును పూడ్చే భారాన్ని ప్రయాణికుడి మంచితనం మీద వేస్తున్నారు. టికెట్టు ధర చవకగా కనబడటానికి జీతంలో కొంత భాగాన్ని చివరి పేజీలోకి నెట్టడమే ఇది. బ్రిటన్‌కు చెందిన పి అండ్ ఓ క్రూయిజెస్ 2019లో ఈ రోజువారీ వసూలును ఎత్తివేసింది. ఒకరు చేయగలిగినప్పుడు మిగతావారు చేయకపోవడానికి కారణం నాకు కనబడటం లేదు. అందుకే నేను గత ఏడాది ఆ మొత్తాన్ని తీయించి, అంతే డబ్బును నోట్ల రూపంలో మాకు సేవ చేసిన నలుగురికీ పంచాను. నేను ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోలేదు. మీ నాన్నగారి మాటే సరైనదని నా నమ్మకం.

జవాబు – నాచారం నుంచి

నేను ఆరేళ్లు ఓడల్లో పనిచేసి వచ్చాను. ఇప్పుడు నాచారంలో చిన్న కేటరింగ్ నడుపుకుంటున్నాను. కంపెనీ పేరు చెప్పను. ఒక కంపెనీలో నేను చూసినది మాత్రమే చెబుతాను, కొన్ని వివరాలు మరొక చోట వేరుగా ఉండవచ్చు.

మొదటి కాంట్రాక్టు తొమ్మిది నెలలు. నేను గదుల్లోకి గాని, భోజనశాలలోకి గాని రాలేదు. ఓడ అడుగు అంతస్తులో, నీటి మట్టానికి దిగువన ఉండే లాండ్రీలో పనిచేశాను. వేలమంది ప్రయాణికుల దుప్పట్లు, తువ్వాళ్లు, బల్ల గుడ్డలు రోజంతా అక్కడికి వచ్చిపడుతూనే ఉండేవి. అక్కడ కిటికీ ఉండదు. ఎండ ఎక్కిందో, పొద్దు గుంకిందో గడియారం చూసుకుంటే తప్ప తెలియదు. నౌకా కార్మికుల కోసం 2006లో కుదిరి 2013 ఆగస్టులో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. అది మేలైన నియమమే. కాని ఆ లెక్కలోనే వారమంతా సెలవు లేకుండా రోజుకు పది, పదకొండు గంటలు పనిచేయించడానికి వీలుంది, మాచేత అలాగే చేయించారు.

నల్లకుంట సార్ తీయించి ఇచ్చిన డబ్బు నలుగురికి చేరింది. ఆ నలుగురూ తప్పకుండా సంతోషించి ఉంటారు, అందులో అనుమానం లేదు. కాని ఆయన పడుకున్న దుప్పటిని ఉతికినవాడు, తిన్న పళ్ళెం కడిగినవాడు, అర్ధరాత్రి కారిడారు తుడిచినవాడు ఆయనకు ఎన్నడూ ఎదురుపడరు. ఎదురుపడకూడదన్నదే వారి పనిలో మొదటి నియమం. మేము నడిచే దారులు, మెట్లు, మేము తినే మెస్సు అన్నీ వేరు. ప్రయాణికుల ఖాతాల నుంచి వచ్చే ఆ ఉమ్మడి డబ్బులో మా కంపెనీ లాండ్రీకీ, పాత్రలు కడిగే విభాగానికీ చిన్న వాటా ఇచ్చేది. ఆ వాటా తప్ప ప్రయాణికుడి నుంచి మాకు వేరే ఏదీ రాదు. ఎక్కువమంది తీయించుకున్న ప్రయాణం ఏదో, నెలాఖరున జీతపు కాగితం చూడగానే మాకు తెలిసిపోయేది.

రెండో కాంట్రాక్టు నుంచి నన్ను గదుల విభాగానికి మార్చారు. నా వంతుకు పద్దెనిమిది గదులు వచ్చేవి. ఎవరు ఖాతాలోని మొత్తాన్ని తీయించుకున్నారో మా సూపర్‌వైజరు దగ్గరున్న జాబితాలో ఉండేది. అలా తీయించుకున్న గదివారు నోట్లు చేతికిస్తే, వాటిని మేము ఉమ్మడి ఖాతాలో జమ చేయాలన్నది మా దగ్గరి నియమం. ఖాతాను ముట్టకుండా పైన ఇచ్చినదైతే పూర్తిగా మాదే. ఇది తెలియక, “ఇది నీకే, జాగ్రత్తగా ఉంచుకో” అని ఒక పెద్దావిడ నా చేతిలో పెట్టిన డబ్బును నేను ఆ సాయంత్రమే అప్పగించాను. ఆమెకు ఆ సంగతి చెప్పలేకపోయాను. చెప్పి ఉంటే నా ఉద్యోగానికే ఇబ్బంది వచ్చేది.

కంపెనీ సరైన జీతం ఇవ్వాలన్న సార్ మాటను నేను కాదనను. మాలో ప్రతి ఒక్కరూ అదే కోరుకున్నాము. అయితే మీరు కౌంటరు దగ్గర ఆ మొత్తాన్ని తీయించినప్పుడు కంపెనీకి నష్టం రాదు, దాని టికెట్టు డబ్బు దానికి ముందే అందింది. తగ్గేది మా వాటానే. కంపెనీ మీద కోపం ఉంటే కంపెనీకి ఉత్తరం రాయండి, ధరలోనే కలపమని అడగండి. అది మాకు నిజమైన సాయం.

తార్నాక సార్‌కు ఒకటి రెండు మాటలు. చిల్లర నాణేలు ఇవ్వకండి, మా ఊళ్లలో వాటిని మార్చుకోవడం కష్టం. మన రూపాయలు కూడా వద్దు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా నుంచి వచ్చినవారికి అవి ఎందుకూ పనికిరావు. అయిదు, పది డాలర్ల నోట్లు తీసుకువెళ్లండి. చివరి రాత్రి కంటే మొదటి రెండు రోజుల్లోనే కొంత ఇచ్చి, మీ అమ్మగారికి, నాన్నగారికి ఏం కావాలో మెల్లగా చెబితే ఎక్కువ ఉపయోగం. ప్రయాణం ముగిశాక కంపెనీ పంపే అభిప్రాయ పత్రంలో, మీకు బాగా చేసినవారి పేరు, వారు పనిచేసే చోటు రాయండి. నాకు సహాయక పదవి నుంచి స్టీవార్డు పదవి వచ్చింది అలాంటి మూడు పత్రాల వల్లనే. పది డాలర్లు వారంలో ఖర్చయిపోతాయి, ఆ కాగితం మాత్రం మా దస్త్రంలో ఉండిపోతుంది.

జవాబు – నల్లకుంట నుంచి

నాచారం సోదరుడికి నా నమస్కారాలు. లాండ్రీకి వాటా వెళుతుందన్న సంగతి నాకు తెలియదు. నేను నోట్లు ఇచ్చిన స్టీవార్డు వాటిని తిరిగి అప్పగించి ఉండవచ్చునన్న ఊహ నన్ను రాత్రంతా కలవరపెట్టింది. పద్ధతి తప్పన్న నా అభిప్రాయం మారలేదు, ఇకముందు కూడా అదే చెబుతాను. కాని ఇంకొకసారి వెళితే ఖాతాలోని మొత్తాన్ని తీయించను. కంపెనీకి ఉత్తరం ఈ వారమే రాస్తాను.

జవాబు – సైనిక్‌పురి నుంచి

తార్నాక గారికి ఒక చిన్న సూచన మిగిలింది. ఆ మొత్తాన్ని టికెట్టుతో పాటు ఇక్కడే ముందుగా కట్టేయండి. ఓడ ఎక్కాక ఫారెక్స్ కార్డును (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డును) ఖాతాకు జతచేస్తే, రోజువారీ ఖర్చుకు హామీగా వారు కొంత సొమ్మును కార్డులో నిలిపివేస్తారు. అది విడుదల కావడానికి ప్రయాణం తరువాత కొన్ని రోజులు పడుతుంది. మాకు సింగపూర్‌లో దిగాక హోటలుకు కట్టడానికి ఆ కారణంగానే ఇబ్బంది కలిగింది.

ప్రశ్న అడిగినవారు – తార్నాక నుంచి

మీ అందరికీ కృతజ్ఞతలు. నాచారం సార్ రాసినదంతా నాన్నగారికి చదివి వినిపించాను. లాండ్రీ గురించి రాసిన చోట ఆయన నన్ను ఆపి, మళ్లీ చదవమన్నారు. తాను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో రైలు పెట్టెలు కడిగే యార్డులో పనిచేసినప్పుడు, ప్రయాణికుల్లో ఒక్కరూ తమను చూసిన పాపాన పోలేదని, ఆ సంగతి తానే మరిచిపోయానని అన్నారు. 444 డాలర్లనూ ఈ ఉదయమే టికెట్లతో కలిపి కట్టేశాము. అది కాక నూట ఇరవై డాలర్లను అయిదు, పది నోట్లుగా తీసుకుంటున్నాము. వాటిని ఇచ్చే బాధ్యత నాన్నగారిదే. పేర్లు మరిచిపోకుండా రాసుకోవడానికి జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం కావాలని అడిగారు, సాయంత్రం తీసుకువస్తాను.