తవిదో, తవిదొ, తవిదోఁ

తాటాకు: రెండు రోజులుగా ఒక పాదం బుర్రలో తిరుగుతోంది. "ఎక్ హ్లెవగస్తిజ్ హొల్తియజ్ హొర్న తవి..." డెన్మార్క్‌లోని గాలెహుస్‌లో దొరికిన బంగారు కొమ్ము మీది పాత జర్మానిక్ వాక్యం, క్రీ.శ. 400 ప్రాంతం. "నేను, హొల్తియజ్ హ్లెవగస్తిజ్, కొమ్ము చేశాను" అని అర్థం. ఆ క్రియ చివర దో నా, దొ నా?

బండిర: కొమ్ము మీద ఉన్నది రూన్ లిపి, జర్మానిక్ జాతుల పాత లిపి. అందులో ఆ తేడానే లేదు. తెలుగులో రాయబోయి చిక్కు తెచ్చుకున్నారు.

అరసున్న: దీర్ఘమే. నన్నడిగితే తవిదోఁ. దీనికి చుట్టమైన గోతిక్ అనే పాత భాషలో ఇదే మాట "తవిద". అక్కడ అకారం, ఇక్కడ ఓకారం. మూలంలో ముక్కుతో పలికే దీర్ఘం ఉందనుకుంటేనే రెండూ కుదురుతాయి.

బండిర: మీ పేరుకు తగ్గట్టే ఉంది :) కొమ్ము మీద మాత్రం లేదు.

ఉత్పలమాల: దీర్ఘాల గొడవలో అసలు అందం వదిలేశారు. హ్లె, హొల్, హొర్! వడి భలే పడింది. "త" దగ్గర తప్పింది, పాపం.

తాటాకు: తప్పలేదండీ. నాలుగో ఊనిక, అంటే నాలుగోసారి నొక్కి పలికే చోటు, దగ్గర కలవకూడదు, అదే వాళ్ల నియమం.

ఉత్పలమాల: పోతనగారైతే ఇంకో నాలుగు హకారాలు దొర్లించేవారు.

మాస్టారు: దీర్ఘం తర్వాత, ముందు భూతకాలం చెప్పే ఆ "ద" ఎక్కడిది? "చేయు" అనే క్రియే వచ్చి అతుక్కుందని నా నమ్మకం. మన "వచ్చుచున్నాను" "వస్తున్నాను" అయినట్టే. గోతిక్ బహువచనం చూడండి: నసిదేదుమ్, "కాపాడాం". ఆ దేదుమ్ "చేశాం" కాక మరేమిటి?

అరసున్న: ఏకవచనంలో ఒక్క దకారమే ఉందేం?

మాస్టారు: రెండు పక్కపక్కన పడ్డాయి, ఒకటి రాలింది.

అరసున్న: బహువచనంలో రాలలేదే! పైగా "కున్థ" ఉంది, "చేతనైంది" అని. అందులో థకారం పాత త నుంచి రావాలి. "చేయు"లో ఉన్నది పాత ధ.

మాస్టారు: అలాంటివి పిడికెడు. వాటికోసం దేదుమ్‌ను వదులుకోను.

ఉత్పలమాల: ఇంతకీ ఆయన చేశాడా, చేయించాడా? గుడి కట్టామని శాసనం వేయించిన రాజులెవరైనా తాపీ పట్టారా?

బండిర: కొమ్మునే అడుగుదామంటే 1802లో ఒక కంసాలి దొంగిలించి కరిగించేశాడు. 1734లో దొరికాక వేసిన బొమ్మలే మనకు దిక్కు.

తాటాకు: సరే, నా నోట్సులో "దో" అని రాసుకున్నా. అరసున్న పెట్టనా?

అరసున్న: పెట్టండి.

బండిర: వద్దు.