మనసు విరిగిందా, విరిచారా?

ప్రశ్న: విడిపోయిన దంపతుల్లో ఒకరు బిడ్డకి రెండోవారంటే గిట్టకుండా చేస్తే దాన్ని ‘పేరెంటల్ ఏలియనేషన్’ అంటున్నారు. కరపత్రానికి తెలుగు మాట కావాలి. ‘పరాయీకరణ’ అని రాస్తే, ఇదేదో మార్క్స్ వ్యాసంలా ఉందని తిప్పి పంపారు.

జవాబు: నిజమే కదండీ! జనం నోట ఉన్నది ‘మనసు విరిచెయ్యడం’. ‘నూరిపోయడం’ కూడా ఉంది కానీ అది మాటలకే సరిపోతుంది. ఫోన్ ఇవ్వకపోవడం, కలవాల్సిన రోజే వేరే పని పెట్టడం, పంపిన కానుక దాచెయ్యడం అందులో ఇమడవు.

మరో జవాబు: ‘విరిచెయ్యడం’ బాగుంది, కానీ ‘విరగడం’తో కలిపెయ్యకండి. తాగొచ్చి కొట్టే తండ్రి మీద కూతురి మనసు దానంతటదే విరుగుతుంది, ఎవరూ విరవక్కర్లేదు. అమెరికా మనోవైద్యుడు రిచర్డ్ గార్డ్‌నర్ 1985లో దీనికి ‘పేరెంటల్ ఏలియనేషన్ సిండ్రోమ్’ అని, అంటే ఒక జబ్బులా, పేరు పెట్టాక కోర్టుల్లో ఈ తేడా చెరిగిపోయిందని గట్టి విమర్శ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఐసీడీ-11 (జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ) సూచిక నుంచి ‘పేరెంటల్ ఏలియనేషన్’ అనే పదాన్ని తీసేసింది. హింస గురించి నోరు విప్పిన తల్లుల మీదే ఈ ఆరోపణను తిప్పికొడుతున్నారని 2023లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి నివేదిక చెప్పింది.

అడిగినవారు: అంటే విరిచేవాళ్ళే లేరంటారా?

జవాబు: అయ్యో, ఉన్నారండీ. ఆ ప్రవర్తన ఉంది, దాన్ని జబ్బు పేరుతో పిలవడం మీదే పేచీ. పిల్లల మాట వింటే కొంత తెలుస్తుంది. ‘నాన్న’ అనేవాడు ‘ఆయన’ అంటాడు. కారణం అడిగితే ఏడేళ్ళవాడు ‘ఆయన మా అమ్మ జీవితం నాశనం చేశాడు’ అని పెద్దల వాక్యం అప్పజెబుతాడు, తను చూసిన సంగతి ఒక్కటీ చెప్పలేడు. అలాగని ఇదొక్కటే రుజువు కాదు, కొట్లాట కళ్ళారా చూసినవాడూ అలాగే మాట్లాడొచ్చు. నాన్నతో పాటు నాయనమ్మ, బాబాయి, అత్త కూడా ‘వాళ్ళు’ అయిపోతారు. లోపల ఇష్టం ఉన్న పిల్లాడికైతే మరీ నరకం. అక్కడ నవ్వినందుకు ఇక్కడికొచ్చి తప్పు చేసినట్టు ముడుచుకుంటాడు.

అడిగినవారు: అయితే శీర్షిక ‘బిడ్డ మనసు విరవడం’. కింద మొదటి వాక్యంలోనే విరగడానికీ విరవడానికీ తేడా చెబుతాను. ‘విరచడం’ అని రాయాలేమో?

జవాబు: రెండూ ఉన్నాయి. కరపత్రానికి ‘విరిచెయ్యడం’ అనే పెట్టండి, చదివేవాళ్ళు ఆగరు.