బూక్‌మోల్ (నార్వేజియన్ రాతరూపాలు రెండిట్లో ఒకటి) నేర్చుకునేవాళ్లు స్త్రీలింగాన్ని వదిలేయొచ్చా?

ఉత్తరగాలి: కొత్తగా నార్వేజియన్ మొదలుపెట్టేవాళ్లకు మూడు లింగాలెందుకు? స్త్రీలింగ పదాల ముందొచ్చే "ఐ"ని పక్కన పెట్టి, పుంలింగపు "ఎన్"నే వాడండి. పుస్తకం "ఎన్ బూక్", ఆ పుస్తకం "బూకెన్". ఇల్లు మాత్రం నపుంసకలింగం, "ఎత్ హ్యూస్". బూక్‌మోల్ దీన్ని ఒప్పుకుంటుంది. పశ్చిమ తీరపు నగరం బెర్గెన్ వాళ్లు మాట్లాడేదీ రెండు లింగాలతోనే. ఒకప్పుడు నార్వేలో రాసేది డేనిష్ కదా, అంతా ఆ రాత చలవ.

వ్యాకరణప్రియ: బెర్గెన్ దగ్గరే మీ వాదన జారిందండీ. డేనిష్ రాత దేశమంతటా ఉండేది, మరి చుట్టుపక్కల పల్లెల్లో స్త్రీలింగం నిక్షేపంగా ఎలా మిగిలింది? ఎక్కువమంది చెప్పే కారణం హాన్సా వర్తకులు, అంటే ఉత్తర జర్మన్ నగరాల వ్యాపారకూటమి వాళ్లు. 14వ శతాబ్దం నుంచి 1754 దాకా బెర్గెన్‌లో వాళ్ల కోఠీ నడిచింది. తమాషా ఏమిటంటే, వాళ్లు మాట్లాడే ఉత్తర జర్మనీ భాష "లో జర్మన్"లోనూ మూడు లింగాలే! అరువొచ్చింది "బెతాలె" (డబ్బు చెల్లించడం) లాంటి మాటలే గానీ లింగాల లెక్క కాదు. దగ్గరి భాషలవాళ్లు తరాల తరబడి బేరాలాడుకుంటుంటే ముందు అరిగేవి పదాల చివరలు.

ఇక "యెంటెన్" (ఆ అమ్మాయి), "కూఎన్" (ఆ ఆవు) అని ఆస్లోలో అని చూడండి, నవ్వుతారు. నిఘంటువు ఒప్పుకున్నా సరే. 1938 నాటి రాత సంస్కరణ వీటికి "యెంటా", "కూఆ" అనే రూపాలనే తప్పనిసరి చేసింది, సడలింపు తర్వాతొచ్చింది.

ఫ్యోర్డుగట్టు: రెండు లింగాలైనా మూడైనా ఏది పట్టుకున్నా ఫర్వాలేదు, "ఎన్ బూక్" అని, ఆ పుస్తకాన్ని స్త్రీలింగ రూపంలో "బూకా" అన్నా తప్పులేదు. తప్పులొచ్చేది "నా" చేర్చేటప్పుడు. "బూకా" వెనక "మీ" రావాలి, "బూకెన్" వెనక "మీన్". "బూకా మీన్" కుదరదు. "మీన్" ముందుకొస్తే తోక (చివరి "-ఆ" లేదా "-ఎన్") తెగుతుంది: "మీన్ బూక్". విశేషణం చేరితే మాత్రం ముందు "దెన్", వెనక తోక, రెండూ ఉండాలి: "దెన్ స్టూరె బూకా" (ఆ పెద్ద పుస్తకం). మనకు ముందు "ఆ" ఒక్కటి చాలు కాబట్టి తెలుగువాళ్లం తోక మరిచేది ఇక్కడే.

ఉత్తరగాలి: సరే, తోక "-ఆ" నేర్పుదాం. "ఐ" ఎందుకంట?

వ్యాకరణప్రియ: బూక్‌మోల్‌తోనే ఆగేవాళ్లకు అక్కర్లేదు, అక్కడ మీతో పేచీ లేదు. పశ్చిమ తీరంలో ఉద్యోగమొస్తే చాలాచోట్ల రెండో రాతరూపం నీనోర్స్క్ చదవక తప్పదు. అందులో బహువచనం కూడా లింగాన్ని బట్టే: అబ్బాయి "గూట్" పుంలింగం కాబట్టి "గూటర్", అమ్మాయి "యెంటె" స్త్రీలింగం కాబట్టి "యెంటెర్". పుస్తకాన్ని "అది" అనాలంటే "దెన్" అనరు, "హూ" అంటారు, ఆడమనిషికి వాడే సర్వనామమే. అందుకే పదంతోపాటు "ఐ" కూడా రాసుకోమంటాను.