వేడికి రంగు మారే పొడి మా విజయవాడ ఎండలకి పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. ఇంట్లోనే రెజిన్‌తో (పోశాక గట్టిపడే ప్లాస్టిక్ లాంటి ద్రవం) కోస్టర్లు, అంటే కప్పుల కింద పెట్టే బిళ్లలు, చేసి తెలిసినవాళ్లకి అమ్ముతుంటాను. ఈమధ్య వేడికి రంగు మారే పిగ్మెంట్ పొడి తెప్పించాను. నీలం, 31 డిగ్రీల రకం. అంతకన్నా చల్లగా ఉంటే నీలం, వేడెక్కితే రంగు పోతుంది. తెల్ల రెజిన్‌లో కలిపాను. కాఫీ కప్పు పెట్టి తీస్తే నీలం మీద తెల్లటి గుండ్రం పడాలని నా ఆశ.

తీరా చూస్తే ఈ మే నెలలో మా హాల్లోనే 36 డిగ్రీలు! కోస్టర్ పొద్దస్తమానం తెల్లమొహం వేసుకుని కూర్చుంటోంది. ఫ్రిజ్‌లో పెడితే తప్ప నీలం కనబడదు. మజ్జిగ గ్లాసులకి అమ్ముకోమని మా అమ్మాయి సలహా, అదీ నిజమే అనుకోండి.

45 డిగ్రీల పొడి ఎవరైనా వాడారా? కప్పు అడుగు నుంచి అంత వేడి కోస్టర్‌కి అందుతుందా?

ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఈ రంగు కంటికి కనబడని గుళికల్లో ఉంటుందని, ద్రావకాలు తగిలితే అవి పాడవుతాయని చదివి థిన్నర్ జోలికి పోలేదు. కానీ రెజిన్ గట్టిపడేటప్పుడు దానంతటదే వేడెక్కుతుంది కదా. మందంగా పోసిన రెండింటిలో, ఫ్రిజ్‌లో పెట్టినా నీలం వెలిసినట్టే ఉంది. పలచటి పొరలుగా పోస్తే నయమా, లేక ఆక్రిలిక్ మీడియంలో (రంగు పొడి కలుపుకునే ద్రవం) కలిపి పైన పూత వేయాలా? ఎండకి కూడా వెలిసిపోతుందంటున్నారు, ఎండలోని యూవీ కిరణాల్ని ఆపే వార్నిష్ ఎంతవరకు కాపాడుతుంది?

పొడి ఇంకో 20 గ్రాములే మిగిలింది. ప్రయోగాలకి తగలేయడం ఇష్టం లేక అడుగుతున్నా.