బీచ్‌రోడ్డులో చిన్న మ్యూజియం: బిల్లు తగ్గాలి, తాళపత్రాలకు బూజు పట్టకూడదు

తాళపత్రం:
మా చిన్న మ్యూజియం విశాఖ బీచ్‌రోడ్డులో ఓ పాత బంగళా, మద్రాసు టెర్రసు కప్పు (చెక్క దూలాల మీద ఇటుకలు, సున్నంతో కట్టింది), తూర్పున సముద్రానికి ఎదురుగా నిలువెత్తు కిటికీలు. లోపల తాళపత్రాలు, పాత ఫొటోలు, కొన్ని ఏటికొప్పాక బొమ్మలు. చూడ్డానికొచ్చేవాళ్లు తక్కువ, కరెంటు బిల్లు మాత్రం బారెడు. సాయంత్రం ఏసీలు కట్టేసిన కాసేపటికే షోకేసు అద్దాల మీద వేలితో పేరు రాయొచ్చు, అంత చెమ్మ. పొద్దున తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. కమిటీవాళ్లేమో రెండు టన్నుల ఫైవ్‌స్టార్ ఏసీలు కొందామంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. డబ్బు ఎక్కడ పెట్టమంటారు?

గాజువాక ఏసీ మెకానిక్:
రెండు టన్నులు వద్దు సార్. గదికి మించిన ఏసీ అయితే చటుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, గాల్లో తడి లాగే టైమే ఉండదు. రిమోట్ 18లో ఉంటే 24కి తెండి. బయట యూనిట్ రెక్కలు కూడా చూడండి. ఉప్పుగాలికి పొడిపొడిగా రాలుతుంటే ఎన్ని స్టార్లున్నా దండగే. మంచినీళ్లతో కడిగిస్తూ ఉండాలి.

పాత క్యూరేటర్:
వానాకాలంలో మన ఊరి గాలి 25 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు కారుస్తుంది. మీ అద్దం 20లో ఉండి, ఆ గాలి సందుల్లోంచి దూరితే పేరు రాయడానికి పలక సిద్ధం. తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపి, కిటికీ చట్రాల వెంట అగరుబత్తి తిప్పండి. పొగ వణికినచోట సందున్నట్టే. రబ్బరు బీడింగు వేయించండి, పెద్ద ఖర్చేమీ కాదు. రాత్రిళ్లు ఒక చిన్న డీహ్యూమిడిఫయర్‌ని (గాల్లో తడి లాగే యంత్రం) 55 శాతం తేమ దగ్గర పెట్టి వదిలేయండి. తేమ 40–60 మధ్య నిలకడగా ఉంటే చాలు. పగలు 50, రాత్రి 85 అయితేనే తాటాకు వంకర్లు పోతుంది.

షోకేసుల్లో ఏ లైట్లున్నాయో రాయలేదు. తాళపత్రాల మీద పడే వెలుగు 50 లక్స్ (వెలుగు కొలత) దాటనివ్వకండి.

తాళపత్రం:
50 వాట్ల హేలోజన్లండీ. పక్కనున్న అద్దం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఇంకోటి, కప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్‌రూఫ్ పెయింటు వేయించొచ్చా?

పాత క్యూరేటర్:
ముందు ఆ హేలోజన్లను పీకేయండి! 7 వాట్ల ఎల్‌ఈడీ అదే వెలుగిస్తుంది, ఏసీకీ ఆ వేడి మోసే పని తప్పుతుంది. తూర్పు కిటికీలకు బయటివైపు వెదురు తడకలు కట్టించండి. లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటేసి ఉంటుంది. గాలికి ఎగరకుండా కింద కూడా కట్టాలి సుమా.

కప్పుకి సున్నమే వేయించండి. పాత సున్నపు కప్పుకి ఊపిరాడాలి. ఆ పెయింటులాంటి ప్లాస్టిక్ పూత కింద తడి ఇరుక్కుంటే లోపలివైపు పెచ్చులూడతాయి, అవి పడేది మీ షోకేసుల మీదే.