టస్కనీలో గోల్ఫ్, వైన్, ఒక కారు, 5 రోజులు – ఈ ప్లాన్ కుదురుద్దా?

గచ్చిబౌలి గోల్ఫర్:
అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో ఇటలీ వెళ్దామని ఫిక్సయ్యాం, నలుగురం – నేను, మా ఆవిడ, మ్యూనిక్‌లో ఉండే మా బావమరిది, వాళ్ళావిడ. గోల్ఫ్ ఆడేది నేనూ వాడూ మాత్రమే, నా హ్యాండీక్యాప్ (ఆట లెవెల్ చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆటగాడు) 22, వాడిది 14. వాళ్ళావిడకి వైన్ అంటే ప్రాణం, మా ఆవిడ మందు ముట్టదు, పైగా ప్యూర్ వెజ్. తిరగడానికి గట్టిగా 5 రోజులు. రాత్రి కూర్చుని ఒక ప్లాన్ రాశా: మిలాన్‌లో దిగి వైన్ ఊరు బరోలో, అక్కణ్ణుంచి గార్డా లేక్ దగ్గర ఒక రౌండ్, తర్వాత ఫ్లోరెన్స్, ఇంకో వైన్ ఊరు మోంతాల్చీనో, చివరికి రోమ్‌లో 2023 రైడర్ కప్ (యూరప్, అమెరికా టీమ్‌ల గోల్ఫ్ పోటీ) జరిగిన మార్కో సిమోనే కోర్సులో ఆడేసి ఫ్లైట్ ఎక్కేయడం. మొత్తం 4 రౌండ్లు, రోజుకో వైనరీ. మ్యాప్‌లో చూస్తే అన్నీ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. మా ఆవిడ చూసి "ఇది ట్రిప్పా, కొరియర్ డ్యూటీయా" అంది. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఒకసారి చూసి చెప్పండి ప్లీజ్.

మిలాన్ మామయ్య:
మీ ఆవిడే కరెక్ట్ తమ్ముడూ. లెక్క వేసి చూడు. మిలాన్ నుంచి బరోలో 2 గంటలు, బరోలో నుంచి గార్డా 3 గంటలు, గార్డా నుంచి ఫ్లోరెన్స్ ఇంకో రెండున్నర మూడు, ఫ్లోరెన్స్ నుంచి మోంతాల్చీనో తక్కువలో తక్కువ గంటన్నర, అక్కణ్ణుంచి రోమ్ రెండున్నర పైనే. ఇదంతా ట్రాఫిక్ లేకుండా, ఎక్కడా టీ కోసం కూడా ఆగకుండా. అక్టోబర్ మధ్యలో అక్కడ సాయంత్రం ఆరున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు, పొద్దున ఏడున్నర దాకా సరిగ్గా తెల్లారదు. ఒక రౌండ్ అంటే నాలుగున్నర గంటలు, దానికి ముందు వెనక కలిపి ఆరు. ఇంక వైన్ ఎప్పుడు తాగుతావ్, కారులోనా?

ఒక్క ఏరియా పట్టుకో. మీకైతే టస్కనీలో కియాంతీ అంటాను, ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్య. ఒకే చోట 5 రాత్రులు దిగు, పెట్టె ఒక్కసారే విప్పు, 2 రౌండ్లు చాలు. మూడో రౌండ్ మాట ఎత్తితే నేనే మీ ఆవిడకి ఫోన్ చేస్తా.

గచ్చిబౌలి గోల్ఫర్:
హహ, సరే మామయ్యా, 2 రౌండ్లకి దిగొచ్చా. మరి ఏ కోర్సులు? కాస్తిల్యోన్ దెల్ బోస్కో గురించి చాలా విన్నా, మోంతాల్చీనో దగ్గరే కదా, అక్కడ గ్రీన్ ఫీ (ఒక రౌండ్‌కి కట్టే ఫీజు) కట్టి ఆడనిస్తారా?

మిలాన్ మామయ్య:
ఆడనివ్వరు. అది ప్రైవేట్ క్లబ్, టామ్ వైస్కాఫ్ డిజైన్ చేసింది, మెంబర్లూ అక్కడి హోటల్లో దిగినవాళ్ళూ మాత్రమే. ఆ హోటల్ రేటు చూశావంటే క్లబ్ బ్యాగ్ అమ్ముకోవాల్సొస్తది, వదిలెయ్.

నా ఓటు గోల్ఫ్ దెల్‌ఉగోలీనోకి. ఫ్లోరెన్స్ నుంచి గ్రేవే వైపు వెళ్ళే పాత కియాంతీ రోడ్డు, ఎస్‌ఆర్ 222, దాని మీదే ఉంటుంది. 1930ల నాటి కోర్సు. పెద్ద పొడుగు ఉండదు, అది చూసి మోసపోవద్దు. ఫెయిర్‌వేలు (బాల్ కొట్టాల్సిన గడ్డి దారులు) ఇరుకు, పైగా ఒక పక్కకి వాలి ఉంటాయి, మధ్యలో వేశావనుకున్న బాల్ దొర్లుకుంటూ పోయి ఏ ఆలివ్ చెట్టు మొదట్లోనో కూర్చుంటుంది. నేను మొదటిసారి ఆడినప్పుడు తొమ్మిది హోల్స్‌లో ఆరుసార్లు చెట్ల కింద వంగి చిప్ చేశా (చిన్న దెబ్బ కొట్టా), నడుం పట్టేసింది. డ్రైవర్ (అన్నిటికన్నా పొడుగు క్లబ్) తియ్యకుండా, దానికన్నా పొట్టి క్లబ్ 5 వుడ్‌తో ఆడితే స్కోరు బావుంటుంది, ఈ సంగతి నాకు పద్నాలుగో హోల్ దగ్గర తెలిసింది.

రెండోది సియెనాకి దక్షిణంగా లా బన్యాయా, రాబర్ట్ ట్రెంట్ జోన్స్ జూనియర్ డిజైన్. చెట్లు తక్కువ, ఓపెన్‌గా ఉంటుంది, గాలి లేచిందంటే మాత్రం ఏడిపిస్తుంది. కాస్తెల్‌ఫాల్ఫీ కూడా మంచిదే, కొండల్లో 18 హోల్స్, బగ్గీ తప్పనిసరి అనుకో, కానీ కియాంతీ నుంచి కొంచెం పక్కకి పోవాలి.

విశాఖ వీకెండ్ ప్లేయర్:
రెండు విషయాలు యాడ్ చేస్తా. మొదటిది, హ్యాండీక్యాప్ సర్టిఫికెట్ ప్రింట్ తీసి పెట్టుకోండి. ఇక్కడ క్లబ్‌లో మొహం చూసి ఆడనిచ్చేస్తారు, అక్కడ కౌంటర్లో అడుగుతారు. రెండోది, శని ఆదివారాలు పెట్టుకోవద్దు, ఇటలీ క్లబ్బుల్లో వీకెండ్ అంటే మెంబర్ల పోటీలు, "గారా" అంటారు, మధ్యలో మనకి స్లాట్ దొరకడం కష్టం. మంగళ, బుధ, గురువారాలు బెస్ట్. కొన్ని క్లబ్బులు సీజన్‌ని బట్టి సోమవారమో మంగళవారమో మూసేస్తాయి, మెయిల్ పెట్టి కనుక్కుని టీ టైమ్ (ఆట మొదలెట్టే స్లాట్) బుక్ చేసుకోండి.

గార్డా గ్యాంగ్:
ఎవరికి నచ్చినా నచ్చకపోయినా చెప్తా, అందరూ టస్కనీ టస్కనీ అంటారు గానీ గోల్ఫ్ కోసమైతే గార్డానే. అర్జాగా, గార్డాగోల్ఫ్, పెస్కియేరాలో పారదీజో, వెరోనా క్లబ్బు, అన్నీ గంట లోపే. కాస్త పడమటికి పోతే ఫ్రాంచాకోర్తాలో పీట్ డై డిజైన్ చేసిన కోర్సు, చుట్టూ మెరిసే వైన్ తోటలు. తెల్లది కావాలంటే లుగానా, తేలికది కావాలంటే బార్దొలీనో, గట్టిది కావాలంటే అమరోనే, అన్నీ అక్కడి వైన్లే. ద్రాక్షని కోసి నెలల తరబడి ఆరబెట్టి చేస్తారు అమరోనేని, 15 శాతం పైనే ఉంటుంది, మన బావమరిది గారు రెండు గ్లాసులకే పాటలు అందుకుంటారు. పైగా మ్యూనిక్ నుంచి 400 కి.మీ. చిల్లర.

గచ్చిబౌలి గోల్ఫర్:
టెంప్ట్ చేస్తున్నారు గానీ మా ఆవిడకి ఫ్లోరెన్స్ చూడాలని ఎప్పట్నుంచో ఉంది, ఆ ఒక్కటీ కాదంటే ట్రిప్పే లేదు. టస్కనీ ఫైనల్. ఇప్పుడు అసలు డౌట్, డ్రైవింగ్. వైనరీకి వెళ్ళి ఎవరో ఒకరు తాగకుండా కూర్చోవాలి కదా. మా ఆవిడ ఎలాగూ తాగదు, హైదరాబాద్‌లో రోజూ నడుపుతుంది, తనకే స్టీరింగ్ ఇచ్చేద్దామనుకుంటున్నా.

మణికొండ అక్క:
ఇచ్చేద్దామనుకుంటున్నావా! ఆవిణ్ణి అడిగావా తమ్ముడూ? తాగదు కాబట్టి డ్రైవరా? సెలవకొచ్చి, తెలియని దేశంలో, కుడి పక్కన నడుపుతూ, వెనక సీట్లో మీ ముగ్గురి జోకులు వింటూ కొండ మలుపులు తిప్పాలా? మా ఇంట్లో ఇదే జరిగింది, మూడు రోజులు నేనే తిప్పా, నాలుగో రోజు తాళాలు టేబుల్ మీద పడేసి బస్సెక్కి సియెనా వెళ్ళిపోయా.

నేను నేర్చుకున్నది చెప్తా విను. వైన్ ఎక్కడుందో పడక అక్కడే పెట్టుకోవాలి. గ్రేవే, పంజానో, రాద్దా, కాస్తెల్లీనా చుట్టుపక్కల సొంతంగా వైన్ చేసే ఫామ్ హౌసులు బోలెడు, అగ్రితురిజ్మో అంటారు. పొద్దున గోల్ఫ్ ఆడి, కారు పార్క్ చేసి, సాయంత్రం వాళ్ళ సెల్లార్లోనే టేస్టింగ్ పెట్టుకుంటే పది అడుగుల్లో మంచం. మోంతాల్చీనో లాంటి దూరం ఒక్క రోజుకి మాత్రం డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోండి, ఎన్‌సీసీ అని అడగాలి. నలుగురు పంచుకుంటే మరీ అంత భారం కాదు.

డ్రైవ్ చేసేవాళ్ళ రక్తంలో మద్యం లీటరుకి 0.5 గ్రాములు దాటితే కేసు, లైసెన్స్ వచ్చి 3 ఏళ్ళు కానివాళ్ళకైతే సున్నా. టేస్టింగ్‌లో ఐదు రకాలు పోస్తారు, "కొంచెమే కదా" అనుకుంటూ అన్నీ మింగితే దాటేస్తుంది. బల్ల మీద ఒక కూజా పెడతారు, రుచి చూసి అందులో ఉమ్మేయొచ్చు, ఎవరూ తప్పుగా అనుకోరు. మా ఆయన అది నీళ్ళ కూజా అనుకుని గ్లాసులోకి వంచుకోబోయాడు, ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఆపింది.

గచ్చిబౌలి గోల్ఫర్:
అక్కా దండం. ఈ మెసేజ్ మా ఆవిడ నా భుజం మీంచి చదివి మీకు థాంక్స్ చెప్పమంది. కారు సంగతి కూడా చెప్పండి, రెంటల్‌లో చిన్న ఆటోమేటిక్ చూశా, 2 గోల్ఫ్ బ్యాగులు, 4 సూట్‌కేసులు పడతాయా?

విశాఖ వీకెండ్ ప్లేయర్:
పడవు బ్రో. మేం అదే చేశాం. ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో అరగంట కుస్తీ పట్టాం, డిక్కీ వెడల్పు మీటరు, బ్యాగు అందులోని డ్రైవర్ క్లబ్‌తో కలిపితే మీటరు మీద ఒక జానెడు ఎక్కువే. చివరికి పొడుగు క్లబ్బులు (వుడ్స్) అన్నీ బయటికి తీసి ఐమూలగా పెట్టి, బ్యాగు అడ్డంగా తోస్తే దూరింది, సూట్‌కేసులు మాత్రం ఒళ్ళో. వ్యాగన్ టైపు తీసుకోండి, అది కూడా ముందే, ఆటోమేటిక్‌లు తక్కువ ఉంటాయి. మెయిన్ డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. మన లైసెన్స్‌తో పాటు ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఫీజు 1000 రూపాయలు, ఏడాది పనికొస్తుంది.

గచ్చిబౌలి గోల్ఫర్:
అన్నట్టు మా బావమరిదికి సొంత వ్యాగన్ ఉంది, మ్యూనిక్ నుంచి అందులోనే వస్తానంటున్నాడు.

మిలాన్ మామయ్య:
ఓరి నీ... ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా! అయితే రెంటల్ గొడవే లేదు, జర్మన్ లైసెన్స్ అక్కడ చెల్లుతుంది. వెనక సీటు మధ్య ముక్క ఒక్కటే మడిచే టైపైతే బ్యాగులు నిలువుగా దూర్చి నలుగురూ కూర్చోవచ్చు. వాణ్ణి ఆస్ట్రియాకి విగ్నెట్ (అక్కడి హైవేల పాస్) కొనుక్కోమను, బ్రెన్నర్ మోటార్‌వే టోల్ మళ్ళీ వేరు. ఇటలీలో టికెట్ తీసుకుని దిగేచోట కట్టడం, పసుపు రంగు టెలిపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) లైన్లోకి మాత్రం దూరొద్దు, పాస్ లేకుండా వెళ్తే మిషన్ అరుస్తుంది, వెనక లారీవాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. నువ్వు మిలాన్ మానేసి దుబాయ్ మీదుగా బోలోన్యాలో దిగు, వాడు దారిలోనే ఎక్కించుకుంటాడు, అక్కణ్ణుంచి కియాంతీ రెండు గంటలు.

మణికొండ అక్క:
జెడ్‌టీఎల్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? పాత ఊళ్ళ మధ్యలోకి బయటి కార్లు రాకూడదు, ఎర్ర అంచున్న తెల్ల గుండ్రం బోర్డు, పైన కెమెరా. "వార్కో ఆత్తీవో" అని లైటు వెలుగుతుంటే గేటు తెరిచి ఉందనుకుని మా ఆయన హ్యాపీగా లోపలికి పోయాడు. దానర్థం కెమెరా పని చేస్తోంది, రావొద్దు అని. హోటల్ వెతుక్కుంటూ అదే గేటు మూడుసార్లు దాటాం. ఏడు నెలల తర్వాత మణికొండ అడ్రసుకి మూడు కవర్లు వచ్చాయి, పోస్ట్‌మ్యాన్ "ఇటలీ నుంచి శుభలేఖలా అమ్మా" అన్నాడు. విదేశీ అడ్రసులకి నోటీసు పంపడానికి వాళ్ళకి 360 రోజులు టైముంటుంది, మర్చిపోయారులే అనుకోకండి.

మిలాన్ మామయ్య:
ఫ్లోరెన్స్‌కి మందు చెప్తా. ఏ1 హైవే మీదే విల్లా కోస్తాంజా అని పార్కింగ్ ఉంది, హైవే నుంచే లోపలికి దారి, అక్కడ కారు పెట్టి టీ1 ట్రామ్ ఎక్కితే స్టేషన్ దగ్గర దించేస్తుంది. సియెనాలో ఫొంతెబ్రాందా వైపు సాంతా కాతరీనా పార్కింగ్, అక్కణ్ణుంచి ఎస్కలేటర్లు పైకి తీసుకెళ్తాయి, మోకాళ్ళు బతికిపోతాయి.

గచ్చిబౌలి గోల్ఫర్:
సరే, ఇదీ ఫైనల్ ప్లాన్. సోమవారం బోలోన్యాలో దిగి కియాంతీ. మంగళవారం పొద్దున ఉగోలీనో, సాయంత్రం ఫామ్ హౌస్‌లోనే టేస్టింగ్. బుధవారం అందరం ఫ్లోరెన్స్, ట్రామ్‌లో. గురువారం ఆడవాళ్ళని సియెనాలో దించి మేం లా బన్యాయా. శుక్రవారం డ్రైవర్‌తో మోంతాల్చీనో. వైనరీకి ముందే బుక్ చేయాలా? తిరిగి ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు?

గార్డా గ్యాంగ్:
ఓడిపోయినా హెల్ప్ చేస్తా. బుకింగ్ తప్పనిసరి, అది ద్రాక్ష కోతలు అప్పుడప్పుడే ముగిసే టైము, చెప్పకుండా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. ఒక రోజుకి రెండే పెట్టుకో, మూడోదానికి నాలుక మొద్దుబారిపోతుంది. మోంతాల్చీనో వైన్ బ్రునెల్లో అంటే మొత్తం సాంజొవేజే రకం ద్రాక్షే, కోత తర్వాత ఐదో ఏడు జనవరి దాకా అమ్మకానికే రాదు, అందుకే ఆ రేటు. కియాంతీ క్లాస్సికో అయితే మెడ మీద నల్ల కోడిపుంజు బొమ్మ చూసి కొను. ఇండియాకి మనిషికి 2 లీటర్లు డ్యూటీ లేకుండా, అంటే రెండు సీసాలు. మీ ఆవిడ తాగకపోయినా ఆవిడ కోటా ఉంది, మర్చిపోకు.

గచ్చిబౌలి గోల్ఫర్:
ఆవిడ కోటాలో ఆలివ్ ఆయిల్ వస్తుందట, ఇప్పుడే చెప్పింది. తిండి సంగతేంటి మరి, వెజ్ దొరుకుద్దా?

మణికొండ అక్క:
బానే దొరుకుద్ది. పీచీ అల్ల్‌ఆలియోనే అడగమను, చేత్తో పేనిన లావు సేమ్యాలా ఉంటుంది, టొమాటో వెల్లుల్లి సాస్. రిబొల్లీతా అని కూరగాయలూ బ్రెడ్డూ వేసి ఉడికిస్తారు, మాంసం నీళ్ళు పొయ్యలేదు కదా అని అడిగి తినండి. అక్కడి బ్రెడ్డులో ఉప్పు ఉండదు, పాడైపోయిందేమో అనుకోవద్దు. మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటగదులు మూసేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు, అంచేత మీ గోల్ఫ్ ఆలస్యమైతే ఆకలికి మాడేది మీరే.

గచ్చిబౌలి గోల్ఫర్:
లాస్ట్ డౌట్ అక్కా, ఇది తనే అడగమంది. పెరుగు?

మణికొండ అక్క:
సూపర్ మార్కెట్లో "యోగుర్ట్ బియాంకో" అని ఉంటుంది, "దోల్చే" అని రాసుంటే ముట్టుకోవద్దు, చక్కెర వేసింది. "నతురాలే" ఉన్నది తియ్యమను. పుల్లగా ఉండదు, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టకుండా బయట వదిలెయ్యమను.