బీ450 బోర్డు మార్చాలా, ప్రాసెసర్ మారిస్తే సరిపోతుందా?

గోదావరి స్టూడియో
అందరికీ నమస్కారం. రాజమహేంద్రవరంలో మాది చిన్న స్టూడియో. పెళ్లి వీడియోలన్నీ 2018 చివర్లో కూర్పించిన సిస్టమ్ మీదే ఎడిట్ చేస్తున్నాను. బీ450 మదర్‌బోర్డు, రైజెన్ 5 2600 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1660 సూపర్, అది తర్వాత వేసుకున్నాను. 4కే ఫుటేజీ టైమ్‌లైన్ మీద వేస్తే తలంబ్రాలు గాలిలోనే ఆగిపోతున్నాయి, రెండు క్షణాల తర్వాత గాని కింద పడవు. దుకాణంలో అడిగితే బోర్డు పాతదైపోయింది, విండోస్ 11 కూడా రాదు, ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 ఉన్న బోర్డుకి మారిపొమ్మన్నారు. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి. ఈ దారిలో ఇప్పటికే నడిచినవాళ్లు చెప్పండి.

పాత పేస్టు
విండోస్ 11 రాదన్న మాట తప్పు. రైజెన్ 2600 మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంది. బయోస్‌లో, అంటే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్‌లో, ఎఫ్‌టీపీఎం అనే భద్రతా సదుపాయం ఆన్ చేస్తే చాలు.

ఇక బోర్డు సంగతి. 5700ఎక్స్ లాంటి జెన్ 3 తరం ప్రాసెసర్లు బీ450 మీద పనిచేయవని 2020లో ఏఎండీ మొదట ప్రకటించింది. కొనుక్కున్నవాళ్లు గట్టిగా నిలదీయడంతో వెనక్కి తగ్గింది. అందుకే మీలాగే 2600తో మొదలుపెట్టిన నేను అదే బోర్డు మీద 5700ఎక్స్ వాడుతున్నాను. 6 కోర్లు 8 అయ్యాయి, విద్యుత్తు మాత్రం అదే 65 వాట్ల తరగతి. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చండి. ముందే కొత్తది బిగిస్తే తెర వెలగదు.

ఇంకొకటి, ఇది నా చేతులతో చేసిన తప్పు. మన బోర్డుల్లో ఉన్న ఏఎం4 సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్టు ఎండిపోయి ఉండగా కూలర్‌ను నిలువుగా పైకి లాగాను. సాకెట్ లివర్ మూసే ఉన్నా ప్రాసెసర్ కూలర్‌కు అంటుకుని వచ్చేసింది. మూలన రెండు పిన్నులు వంగాయి. ఏటీఎం కార్డు అంచును వరుసల మధ్య పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబెట్టాను. మీరు పది నిమిషాలు ఏదైనా బరువైన పని చేయించి, వేడి మీద ఉండగానే ఆపి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

కాజీపేట జంక్షన్
బోర్డు ఒక్కటే మార్చి బీ550 వేసుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి. మీ 2600కు బీ550లో అధికారికంగా చోటు లేదు, 3000 వరుస నుంచే మద్దతు.

నేను ఎస్ఎస్‌డీ వేగం కోసం బీ550 కొన్నాను. దాని మీద 5600జీ ప్రాసెసర్ పెట్టాను. సెకనుకు 7,000 ఎంబీ చదువుతుందన్న ఎస్ఎస్‌డీ 3,500 దగ్గరే ఆగిపోయింది. తర్వాత తెలిసింది, ఆ ప్రాసెసర్‌లో ఉన్నది పీసీఐఈ (ఎస్ఎస్‌డీ డేటా వెళ్లే దారి) 3.0 మాత్రమేనని. బోర్డు మీద 4.0 అని రాసి ఉంటే చాలదు, ప్రాసెసర్ కూడా ఇవ్వాలి.

డల్లాస్ తెలుగు
నేను 2023లో ఏఎం5కి మారాను, బాగుంది. 2027 వరకైనా ఈ సాకెట్‌కు కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ మాట ఇచ్చింది. అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర చాలా నిమిషాలు నల్లగానే ఉండిపోయింది. బోర్డు పోయిందనే అనుకున్నాను. డీడీఆర్5 ర్యామ్‌ను అది సరిచూసుకుంటోందట. ఎవరైనా మారితే ఓపిక పట్టండి, మధ్యలో స్విచ్ ఆపేయకండి.

కాని ఇప్పుడైతే నేనే వద్దంటాను. ఏఎం5 డీడీఆర్5ను తప్ప తీసుకోదు. 2025 చివరి నుంచి దాని ధరలు మండిపోతున్నాయి. మీ డీడీఆర్4 పక్కన పడేసి మళ్లీ కొనడం భారం.

కృష్ణలంక ఎడిటర్
అందరూ బోర్డు గురించే మాట్లాడుతున్నారు. అసలు మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రాస్తోంది? నాకు ఇదే బాధ ఉండేది. నా ఫుటేజీ హెచ్.265, 10 బిట్, 4:2:2, అంటే మామూలు 4:2:0 కంటే రంగుల వివరం ఎక్కువ దాచుకునే రకం. మీ 1660 సూపర్ గాని, ఆ తర్వాత వచ్చిన ఆర్‌టీఎక్స్ 40 వరుస గాని 4:2:2ను విప్పలేవు. ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మాత్రం దాన్ని తేలిగ్గా విప్పుతుంది. అందుకే నేను డీడీఆర్4 తీసుకునే బీ660 బోర్డు, ఐ5 12400 కొన్నాను. పాత ర్యామ్ అలాగే పనికొచ్చింది. పేరు చివర ఎఫ్ ఉన్నది మాత్రం కొనవద్దు, అందులో గ్రాఫిక్స్ ఉండదు.

మీది 4:2:2 అయితే బోర్డు మార్చడంలో అర్థం ఉంది. 4:2:0 అయితే పాత పేస్టు గారి మాటే నా మాట.

గోదావరి స్టూడియో
ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూశాను. మూడు కెమెరాలూ 4:2:0, 8 బిట్. హమ్మయ్య. బోర్డు జోలికి పోను. 5700ఎక్స్, ఇంకో 16 జీబీ ర్యామ్ చెప్పేశాను.

పాత పేస్టు
బయోస్ ముట్టుకునే ముందు, డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపండి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఎఫ్‌టీపీఎం ప్రాసెసర్‌లోనే ఉంటుంది. ప్రాసెసర్ మారగానే ఆ కీ అడుగుతుంది. కస్టమర్ల పెళ్లిళ్లున్న డిస్కులు కదా.

గోదావరి స్టూడియో
మూడు వారాలైంది, అందుకే రాస్తున్నాను. కూలర్ వేడి మీద తిప్పితే మెత్తగా వచ్చింది, పిన్నులన్నీ నిటారుగానే ఉన్నాయి. మొదటి రోజు మాత్రం ఆశించినంత తేడా కనిపించక దిగులేసింది. చూస్తే బయోస్ మార్చినప్పుడు సెట్టింగులన్నీ మొదటికొచ్చి ర్యామ్ 2133 వేగం మీదే నడుస్తోంది. ర్యామ్‌ను దాని అసలు వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఆన్ చేసి 3000కు తెచ్చాను. ఇప్పుడు రెండు కెమెరాల ఫుటేజీ ఆగకుండా నడుస్తోంది. మూడోది కూడా వేసి రంగులు దిద్దితే ఇంకా కొంచెం తడబడుతోంది, అప్పుడు ప్రివ్యూ నాణ్యత సగానికి దించుతున్నాను.

తీసిన 2600ను ఆల్బమ్ డిజైన్లు చేసే తమ్ముడి సిస్టమ్‌లో పెడదామనుకుంటున్నాను. వాడిది ఏ320 బోర్డు. మొదట బయోస్ వెర్షన్ చూసి, రేపు ఇక్కడే రాస్తాను.